అయిదు తీగలకి నాలుగున్నర లక్షలా?

ప్రశ్న: సర్, మాది విజయవాడ, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా ఒకటే బేస్ గిటార్ వాయిస్తున్నాను, అప్పట్లో 22 వేలకి కొన్న నాలుగు స్ట్రింగ్స్ ఐబనెజ్. ఆదివారం చర్చిలో వాయిస్తాను, నెలకి రెండు మూడుసార్లు ఫ్రెండ్స్‌తో కలిసి కెఫేల్లో. ఒక మంచి బేస్ కోసమని దాచిన డబ్బు నాలుగు లక్షల దాకా ఉంది. అమెరికాలో చేత్తో తయారుచేసే అయిదు స్ట్రింగ్స్ బేస్ ఒకటి చూసి పెట్టుకున్నాను, నాలుగున్నర లక్షలవుతుంది. డల్లాస్‌లో ఉన్న మా బావ సంక్రాంతికి వస్తూ తెస్తానంటున్నాడు. మా ఆవిడ వద్దనడం లేదు గానీ, “లక్ష రూపాయల దానికీ దీనికీ తేడా నాకు వినిపించేలా వాయించి చూపించు” అంది. షాపులో ఖరీదైనది ఒకటీ మామూలుది ఒకటీ వాయించి వినిపించాను, ఆవిడకి తేడా తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరిగ్గా తెలియలేదు. అసలు ఎంత పెట్టొచ్చు?

జవాబు: మీ ఆవిడ అడిగిన దాంట్లో చాలా న్యాయం ఉంది, కాకపోతే ఆ తేడా వినాల్సింది ఆవిడ చెవి కాదు, తెలియాల్సింది మీ చేతికి. డ్రమ్స్, కీబోర్డు, నలుగురు పాడేవాళ్లు, వాళ్ల మధ్యలో బేస్ ఖరీదు ఎదురుగా కూర్చున్నవాళ్లకి వినపడదు. వాళ్లకి వినపడేది మీరు నోటు ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు అన్నదే. ఇళయరాజా పాటల్లో బేస్ విని ఈ వాయిద్యం మీద మనసు పారేసుకున్నవాళ్లు మనలో ఎంతమందో, వాళ్లలో ఒక్కరైనా ఆ గిటార్ ఏ కంపెనీదో కనుక్కుని అప్పుడు ఇష్టపడ్డారా?

జేమ్స్ జేమర్సన్ సంగతి చూడండి. 1960ల్లో అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ హిట్ పాటల్లో చాలావాటికి బేస్ వాయించింది ఆయనే. ఆ పేరంతా తెచ్చింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్, ఫ్యాక్టరీలో వరసగా తయారైన వాటిలో ఒకటి, తీగ తెగితే తప్ప మార్చేవాడు కూడా కాదు. ఇంకో పేరున్న అమెరికన్ బేసిస్ట్ మార్కస్ మిల్లర్‌ది 1977 ఫెండర్ జాజ్ బేస్, అదీ ఫ్యాక్టరీదే. దాన్ని న్యూయార్క్‌లో గిటార్లు చేసే రోజర్ శాడోస్కీ దగ్గరికి తీసుకెళ్లి లోపల సౌండ్‌ని సర్దే ప్రీయాంప్ సర్క్యూట్ పెట్టించుకున్నాడు. ఇందులో మనం పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఉన్న బేస్‌లో ఏది చాలడం లేదో ఆయనకి తెలుసు, దానికే డబ్బు పెట్టాడు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీ ఐబనెజ్‌లో ఏది చాలడం లేదో ఎక్కడా రాయలేదు మీరు.

డబ్బు ఎక్కడికి పోతుందో చెప్తాను. పాతిక వేల నుంచి యాభై అరవై వేల దాకా వెళ్తే వచ్చే తేడా చాలా పెద్దది. స్క్వైర్‌లో పై రకాలు, సైర్, యమహా ఈ మధ్యలోనే దొరుకుతాయి, వీటితో స్టేజీ మీద నిలబడటానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. అక్కడి నుంచి లక్ష, లక్షన్నర దాకా మళ్లీ తేడా ఉంటుంది, కానీ ఈసారి సౌండ్‌లో కన్నా పనితనంలో ఎక్కువ. నెక్ అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి మెల్లగా జార్చి చూడండి, చవకదాంట్లో నెక్ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ కమ్మీల కొసలు రంపపు పళ్లలా తగులుతాయి, హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరిలో గాలి పొడిగా ఉన్నప్పుడు చెక్క కాస్త కుంచించుకుపోయి ఇంకా బయటికి పొడుచుకొస్తాయి. బాగా ఆరబెట్టిన చెక్కతో, ఫ్రెట్ల కొసలు చేత్తో గుండ్రంగా అరగదీసి చేసిన నెక్ మీద వేలు అలా జారిపోతుంది, ఎక్కడా ఆగదు. మూడు గంటలు వాయించేవాడికి ఇది సౌండ్ కన్నా ముఖ్యం.

రెండు లక్షలు దాటాక మీరు పెట్టే ప్రతి యాభై వేలకీ వచ్చేది తగ్గుతూ పోతుంది. వచ్చేది ఏమీ లేదని అనను, ఆ మాట అంటే ఆ పని చేసేవాళ్లకి అన్యాయం చేసినట్టే. బ్రూక్లిన్‌లో 1983 నుంచి ఫొడెరా వాళ్లు చేస్తున్న బేస్ ఒకటి ఒకసారి అరగంట వాయించే అదృష్టం నాకు దక్కింది, పన్నెండో ఫ్రెట్ దాటాక కూడా ప్రతి నోటూ ఒకే గట్టితనంతో, ఒకే నిడివితో పలికింది, ఆ అరగంట ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది. ఆ స్థాయిలో తూకం వేసి ఎంచుకున్న చెక్క ఉంటుంది, ఒక మనిషి రోజుల తరబడి కూర్చున్న పని ఉంటుంది. కానీ అదంతా వాయించే మనిషి చేతిని బట్టి చేసే పని. మీ చేతికి నెక్ ఎంత వెడల్పు ఉండాలో, బరువు ఎంత ఉండాలో మీకే తెలియకుండా ఆ డబ్బు కడితే, కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టమన్నట్టు ఉంటుంది.

ఈ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. 2011లో అప్పు చేసి మరీ ఒక ఖరీదైన బేస్ తెప్పించుకున్నాను. ఫోటోలో చెక్క మీద తేనె రంగు చారలు చూసి పడిపోయాను, బరువెంతో అమ్మినవాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చాక కాటా మీద పెడితే అయిదు కిలోల పైన ఉంది. మొదటి ప్రోగ్రాం ఒక రిసెప్షన్, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా. తొమ్మిదికల్లా ఎడమ భుజం తిమ్మిరెక్కింది, చివరి గంట స్టూల్ మీద కూర్చుని వాయించాను. ఏడాదిన్నర తర్వాత అమ్మితే పెట్టినదాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ చేతికొచ్చింది, వాయిదాలు మాత్రం అప్పటికింకా అయిపోలేదు. అప్పటి నుంచి నాలుగు కిలోలు, నాలుగుంపావు దాటిన బేస్ భుజానికి తగిలించుకోలేదు.

అమ్మకం సంగతి కూడా ఆలోచించండి. ఫెండర్, మ్యూజిక్ మ్యాన్ లాంటి పేరున్నవాటికి మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో అడిగేవాళ్లుంటారు. చిన్న చిన్న తయారీదారుల బేస్‌లు ఎంత బాగున్నా ఇక్కడ కొనేవాడు దొరకడం కష్టం, ఆ పేరు విన్నవాళ్లే తక్కువ.

ఇక ఆ అయిదో స్ట్రింగ్. లో బి అనే ఆ తీగ కొట్టినప్పుడు వచ్చే నోటు దాదాపు 31 హెర్ట్జ్, నాలుగు స్ట్రింగ్స్‌లో ఉండే ఇ అయితే 41. మామూలు స్పీకర్లు 31 దగ్గర దాదాపు ఏమీ పలకవు, మనకి వినిపించేది దానికి రెట్టింపు ఉన్న 62 దగ్గరి హార్మోనిక్. మీ చర్చిలో సబ్ వూఫర్ లేకపోతే నాలుగున్నర లక్షల బేస్‌లో లో బి కూడా అక్కడ గురగురమనే ఉంటుంది. పాస్టర్‌గారితో మాట్లాడి అక్కడో మంచి సబ్ వూఫర్ పెట్టించడానికి మీ వంతు కొంత ఇస్తే మీ పాత బేస్‌కే కొత్త ఊపిరి వస్తుంది. లో బి కావాలనే అనుకుంటే స్కేల్, అంటే తీగ పలికే పొడవు, 35 అంగుళాలు ఉన్నవి కూడా వాయించి చూడండి. మామూలుగా ఉండే 34 కన్నా ఒక్క అంగుళమే ఎక్కువ, కానీ తీగ బిగువు పెరిగి లో బి వదులుగా ఊగదు. వేళ్లు మాత్రం కొంచెం ఎక్కువ చాచాలి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. ముందు మీ ఐబనెజ్‌ని మంచి రిపేరర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొత్త తీగలు, నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ సర్దడం, ఫ్రెట్లు సమం చేయడం, అన్నీ కలిపి పదివేల లోపు అయిపోవాలి. సెటప్ చేయించి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు, అసలు చేయించలేదేమోనని నా అనుమానం. తర్వాత మూడు నెలలు వాయించండి. ప్రతి ఆదివారం ఇంటికొచ్చాక ఆ రోజు బేస్ ఎక్కడ అడ్డుపడిందో ఒక పుస్తకంలో రాసుకోండి, మీ తప్పు ఎక్కడో బేస్ తప్పు ఎక్కడో విడదీసి రాయండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం ఖాళీగా ఉంటే డబ్బు అలాగే ఉంచుకోండి. ఏవైనా రాసి ఉంటే, ఆ లోట్లన్నీ తీర్చే వాటిలో అన్నిటికన్నా తక్కువ ధరది ఏదో వెతకండి. మీ పరిస్థితికి అది లక్షన్నర దగ్గర తేలుతుందని నా అంచనా, ఎట్టి పరిస్థితుల్లోనూ రెండు లక్షలు దాటొద్దు. ఇంకో ముప్ఫై నలభై వేలు బేస్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే మంచి ప్రీయాంప్ డీఐకీ గట్టి కేసుకీ పక్కన పెట్టండి. మిగిలింది మీ ఆవిడతో కూర్చుని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

షాపుకి వెళ్లినప్పుడు ముందు యాంప్‌కి కలపకుండా వాయించండి. జి స్ట్రింగ్ మీద నాలుగో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ దాకా ఒక్కో నోటూ కొట్టి వదిలేయండి, అయిదు ఆరు ఫ్రెట్ల దగ్గర నోటు చప్పున చచ్చిపోతే అది డెడ్ స్పాట్, ఖరీదైనవాటిలోనూ ఉంటుంది. తర్వాత బెల్ట్ తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. నెక్ కిందికి వాలిపోతుంటే రేపు వాయిస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి దాన్ని మోస్తూనే ఉండాలి. ఈ పరీక్షలన్నీ మీ బావ మీ తరఫున చేయలేడు, డల్లాస్ నుంచి తెప్పించడం వద్దనేది అందుకే. అయినా తెప్పించుకుంటే బిల్లు దగ్గర పెట్టుకుని, కస్టమ్స్‌లో చూపించి డ్యూటీ కట్టి తెమ్మనండి, ఆ డ్యూటీ కూడా ధరలో కలుపుకుని లెక్క వేసుకోండి. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కొనకముందే రాతపూర్వకంగా అడగమనండి.

ప్రశ్న: అన్నా, మాది రాజమండ్రి. పెళ్లిళ్లు, జాతరలు, సినిమా పాటల ఆర్కెస్ట్రా, ఇదే నా బతుకుతెరువు, 12 ఏళ్లయింది. సీజన్‌లో నెలకి పదిహేను ప్రోగ్రాములుంటాయి, ఆషాఢంలో ఒక్కటీ ఉండదు. రెండున్నర లక్షల బేస్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ, పై పాఠకుడికి చెప్పిన లెక్క నీకు వర్తించదు. అన్నం పెట్టే పనిముట్టు మీద పెట్టే డబ్బు వేరు. కానీ ఈఎంఐ సీజన్‌లో మాత్రమే రాదు, ఆషాఢంలోనూ వస్తుంది. ఒక్క ప్రోగ్రాంకి నీకొచ్చే డబ్బుతో ఒక నెల కంతు తీరిపోవాలి, అంతకన్నా పెద్ద కంతు పెట్టుకోవద్దు. నేనైతే రెండున్నర లక్షలూ ఒకదాని మీద పెట్టను. లక్షన్నరలో ఒకటి, యాభై వేలలో దానికి జోడీగా ఇంకొకటి కొంటాను. అర్ధరాత్రి స్టేజీ మీద జాక్ ఊడిపోతే నీ పరువు కాపాడేది ఆ రెండోదే. ఆ రెండోది బ్యాటరీ అక్కర్లేని పాసివ్ బేస్ అయితే ఇంకా మంచిది. యాక్టివ్ బేస్ అయితే ప్రోగ్రాం అవ్వగానే కేబుల్ పీకేయాలి, చాలావాటిలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. తాళం పెట్టుకునే గట్టి కేసు లేకుండా ఏదీ వ్యాన్ ఎక్కించకు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. 1970ల మధ్య నాటి ఫెండర్ జాజ్ బేస్ నాలుగు వేల డాలర్లకి చెప్తున్నారు. వాయించుకోవచ్చు, పెట్టుబడిగానూ ఉంటుంది అనుకుంటున్నాను. ఎప్పటికైనా ఇండియాకి తిరిగొచ్చేస్తే తెచ్చుకోవచ్చా?

జవాబు: పెట్టుబడి అన్న మాట పక్కన పెట్టి చూడండి, అప్పుడు కూడా అది మీకు నచ్చితే కొనండి. ఫెండర్ కంపెనీ 1965లో సీబీఎస్ అనే అమెరికన్ టీవీ, రేడియో కంపెనీ చేతికి వెళ్లింది, 1970ల నాటివాటిలో అద్భుతమైనవీ ఉన్నాయి, తూగనివీ ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని నమ్మడానికి లేదు. ఆ దశాబ్దం మధ్యలో జాజ్ బేస్ నెక్‌ని నాలుగు బోల్టులకి బదులు మూడింటితో బిగించడం మొదలుపెట్టారు. నెక్‌ని పట్టుకుని పక్కకి మెల్లగా కదిపి చూడండి, కదిలితే జి తీగ అంచు నుంచి జారుతుంటుంది. బరువు తప్పకుండా తూయండి, ఆ కాలంలో బరువైన యాష్ చెక్క ఎక్కువ వాడారు.

ఇండియాకి తేవడం గురించి: రోజ్‌వుడ్ జాతి చెక్క మొత్తం 2017 జనవరిలో అంతర్జాతీయ ఆంక్షల కిందికి వచ్చింది, తయారైపోయిన వాయిద్యాలకి 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు, 1960ల తొలినాళ్ల బేస్‌లతో ఆ చిక్కు ఉంటుంది. 1970ల వాటిలో రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు ఉంటే అది సాధారణంగా మన దేశపు చెక్కే. కాబట్టి మీకు పెద్ద ఇబ్బంది ఉండదు, ప్రయాణానికి ముందు ఒకసారి రూల్స్ చూసుకుంటే చాలు.

ధర మాత్రం లోపలి భాగాలన్నీ అసలువేనా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. తీగ కదలికని సౌండ్‌గా పట్టే పికప్‌లు మార్చినా, రంగు మళ్లీ వేసినా చాలా పడిపోతుంది, నాలుగు వేలు ఇవ్వక్కర్లేదు. నెక్ విప్పి, పిక్‌గార్డ్ తీసి, వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల మీది తేదీ కోడ్‌లు చూపించమనండి. స్క్రూలు విప్పడానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపేయండి.