ట్యాంకు మరీ తళతళలాడితే

ప్రశ్న: ఇరవై లీటర్ల అక్వేరియం పెట్టి రెండు నెలలైంది. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, గులకరాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద రుద్ది కడిగి కొత్త నీళ్లు పోస్తున్నాను. బుధవారానికల్లా నీళ్లు తెల్లగా మసకబారుతున్నాయి. గప్పీలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని చచ్చిపోయాయి కూడా. పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇంకా ఎంత శుభ్రం చెయ్యాలండీ?
– ఒక తల్లి

జవాబు: ఇంకా కాదమ్మా, ఇంత కూడా వద్దు. మీ చేపల్ని ఇబ్బంది పెడుతున్నది మురికి కాదు, ఆ ఆదివారం కడుగుడే.

చేపలు వదిలే వ్యర్థంలో ముఖ్యమైనది అమోనియా. చాలావరకు మొప్పల్లోంచే నీళ్లలోకి వస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఇది కంటికి కనబడదు. అద్దంలా మెరిసే నీళ్లలోనూ చేపను చంపేంత ఉండొచ్చు. దీన్ని తినే బ్యాక్టీరియా ఒక రకం ఉంది. అది అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. దాన్ని నైట్రేట్‌గా మార్చేది రెండో రకం. నైట్రేట్ మరీ పెరిగితే తప్ప పెద్దగా హాని చెయ్యదు.

ఈ రెండు రకాలూ నీళ్లలో తేలుతూ తిరిగేవి కావు. స్పాంజినీ గులకరాళ్లనూ అంటిపెట్టుకుని బతుకుతాయి. అవి కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరేమో వారానికోసారి క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో వాటిని కడిగేస్తున్నారు. రెండు నెలలైందన్నారు గానీ, మీ ట్యాంకు వయసు ఎప్పుడూ వారం దాటలేదు. ఆ తెల్లటి మసక కూడా చాలావరకు బ్యాక్టీరియానే, కాకపోతే వేరే రకం. కొత్త ట్యాంకులో మిగిలిన మేత మీద ఒక్కసారిగా పెరుగుతుంది, కదిలించకపోతే దానంతటదే తగ్గుతుంది.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం చూసి గాలి పంపు కొనబోతారేమో. కొనండి, మంచిదే, కానీ దానితో సరిపోదు. అమోనియా మొప్పల్ని దెబ్బతీస్తుంది. నైట్రైట్ రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. నీళ్లలో గాలి ఉన్నా చేపకు అందదు.

ఇక చెయ్యాల్సింది. ఒక వాటర్ టెస్ట్ కిట్ తెచ్చుకోండి. అలంకారానికి పెట్టే బొమ్మల కంటే ముందు కొనాల్సింది అదే. అమోనియా గానీ నైట్రైట్ గానీ కనబడినన్నాళ్లు రోజూ 4, 5 లీటర్లు తీసి అంతే కొత్త నీళ్లు పొయ్యండి. రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలబడ్డాక వారానికి ఒకసారి అంతే మార్చితే చాలు. స్పాంజిలోంచి నీళ్లు సరిగా పారకపోతేనే దాని జోలికి వెళ్లండి. ట్యాంకులోంచి తీసిన బకెట్ నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టెయ్యండి. గోధుమరంగులో జిగటగా ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. కరెంటు ఆదా అని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపకండి, నీళ్లు ఆగితే ఆ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంతే. కొత్త చేపల్ని ఇప్పుడప్పుడే తేకండి.

పోసే కొత్త నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు. వెడల్పాటి గిన్నెలో ఒక రోజు ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. కొన్నిచోట్ల కుళాయి నీళ్లలో క్లోరిన్‌కు బదులు కలిపే క్లోరమిన్ మాత్రం అలా పోదు. ఏది కలుపుతున్నారో తెలియకపోతే క్లోరిన్ విరిచే చుక్కల మందు వాడండి, టెన్షన్ ఉండదు. పిహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) మార్చే పొడుల జోలికి మాత్రం పోవద్దు. 25 డిగ్రీల నీళ్లలో పిహెచ్ 7 ఉంటే అమోనియాలో విషరూపంలో ఉండేది సుమారు అర శాతం. పిహెచ్ 8కి ఎక్కితే అది 5 శాతం దాటుతుంది. అమోనియా ఉన్న ట్యాంకులో పిహెచ్ పెంచే పొడి వేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇంకో దగ్గరి దారి ఉంది. నా పెద్ద ట్యాంకులో ఎప్పుడూ ఒక స్పాంజి అదనంగా నానుతూ ఉంటుంది. తెలిసినవాళ్లు కొత్తగా అక్వేరియం పెడితే దాన్నే కానుకగా ఇస్తాను. ఆ జిడ్డు ముద్దను చేతిలో పెట్టినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి! కానీ బ్యాక్టీరియా దానిలో సిద్ధంగా ఉంటుంది, వారాల ఎదురుచూపు బాగా తగ్గుతుంది. మీకు తెలిసినవాళ్లలో ఎవరిదైనా పాత ట్యాంకు ఉండి, అందులో చేపలు ఆరోగ్యంగా ఉంటే సిగ్గుపడకుండా అడగండి. తెచ్చేటప్పుడు ఆరనివ్వకండి.

ప్రశ్న: మా ట్యాంకులో నీళ్లు ఎలాగూ ఆవిరైపోతుంటాయి. తగ్గినంత పోస్తూ ఉంటే వేరే మార్చాలా?

జవాబు: మార్చాలి. ఆవిరయ్యేది నీరొక్కటే. లవణాలూ నైట్రేట్ లోపలే మిగిలి, పోసిన ప్రతిసారీ చిక్కబడతాయి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: నీళ్లు పచ్చబడ్డాయి. చేపలు చచ్చిపోతాయా?

జవాబు: ఆ పచ్చదనం వల్ల కాదు, అది నాచు. ట్యాంకును కిటికీ ఎండకు దూరంగా జరపండి. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. మేత కూడా కాస్త తగ్గించండి.