తిరిగొచ్చే రోజు ఖర్చు ముందు పక్కన పెట్టండి

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. నా వయసు 32, మావారికి 34. పిల్లలు లేరు. చేతికొచ్చే జీతం ఇద్దరిదీ కలిపి నెలకు 2.12 లక్షలు. నల్లగండ్లలో సొంత ఫ్లాటు ఉంది, దానిమీద ఇంకా 38 లక్షల అప్పు, నెలకు 40 వేల ఈఎంఐ. ఖమ్మంలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మకు నెలకు 12 వేలు పంపిస్తాను. ఆవిడకు 61 ఏళ్లు, షుగర్ ఉంది, నా ఆఫీసు ఆరోగ్య బీమాలోనే ఉన్నారు. ఇంటి ఖర్చులు 70 వేలు పోగా నెలకు 90 వేలు మిగులుతున్నాయి. ఎఫ్‌డీలు 18 లక్షలు, ఈక్విటీ ఫండ్లు 26 లక్షలు (ఇద్దరి పేరా సగం సగం, అందులో లాభం 9 లక్షలు), ఇద్దరి పీఎఫ్ 17 లక్షలు, ఇబ్రహీంపట్నం దగ్గర 200 గజాల స్థలం ఉన్నాయి. మూలవేతనం నాది 60 వేలు, ఆయనది 75 వేలు. జూన్ మొదటికి ఇప్పుడున్న కంపెనీలో నాకు 4 సంవత్సరాల 4 నెలలు, ఆయనకు 6 సంవత్సరాలు నిండుతాయి. అప్పుడు ఉద్యోగాలు మానేసి 14 నెలలు ఆగ్నేయాసియా, జపాన్, యూరప్ తిరిగి రావాలని మా కోరిక. 30 లక్షలు అవుతుందని లెక్క వేసుకున్నాం. పీఎఫ్ తీసేయాలా, స్థలం అమ్మాలా? వచ్చాక పిల్లల గురించి ఆలోచిద్దామనుకుంటున్నాం. మా మామగారు మాత్రం అసలు ఈ ప్రయాణమే వద్దంటున్నారు.

జవాబు: ముందే చెప్పేస్తాను, మీరు వెళ్లవచ్చు. పీఎఫ్ ముట్టుకోనక్కర లేదు, స్థలం అమ్మనక్కర లేదు. కానీ జూన్‌లో వద్దు. ఎనిమిది నెలలు ఆగి ఫిబ్రవరిలో బయలుదేరండి. ఆ ఎనిమిది నెలల్లోనే మీ లెక్క తారుమారు అవుతుంది.

మీ ఉత్తరంలో 30 లక్షల అంచనా ఎంతో శ్రద్ధగా వేశారు. అయితే అది విమానం ఎక్కిన రోజు నుంచి దిగిన రోజు వరకే. మీరు హనోయిలో ఉన్నా ఒసాకాలో ఉన్నా ఒకటో తారీఖున ఇక్కడ ఈఎంఐ కట్ అవుతుంది. దిగిన మర్నాడు ఇంట్లో బియ్యం, గ్యాసు నుంచి అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి, జీతం మాత్రం ఉండదు. ఇలాంటి ప్రయాణాలకు నేను లెక్క వెనక నుంచి వేస్తాను. మొదట తిరిగొచ్చాక బతకడానికి కావలసిన డబ్బు, తర్వాత మీరు లేనప్పుడు ఇక్కడి ఖర్చులు, ఆఖరున తిరగడానికి డబ్బు.

తిరిగొచ్చాక ఉద్యోగం దొరకడానికి ఆరు నెలలు పడుతుందనుకుందాం. ఇంటి ఖర్చు, ఈఎంఐ, అమ్మగారికి పంపేది కలిపి నెలకు 1.22 లక్షల చొప్పున 7.32 లక్షలు. ఇల్లు మళ్లీ సర్దుకోవడానికి, ఇంటర్వ్యూలకు తిరగడానికి ఒకటిన్నర లక్ష. మీరు లేని 14 నెలల్లో ఈఎంఐ 5.6 లక్షలు, అమ్మగారికి 1.68 లక్షలు, బీమా ప్రీమియాలు 90 వేలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, ఆస్తి పన్ను, ఫోన్లు కలిపి 56 వేలు. వీటికి మీ 30 లక్షలు కలిపితే 47.56 లక్షలు. జూన్‌లో మానేస్తే చేతిలో ఉండేది ఎఫ్‌డీలు, ఫండ్లు 44 లక్షలు, మీవారి గ్రాట్యుటీ (ఉద్యోగం మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) 2.6 లక్షలు, మొత్తం 46.6 లక్షలు. దాదాపు లక్ష తక్కువ. అదీ ఎవరికీ జలుబైనా చేయకుండా, మార్కెట్ ఒక్క శాతమైనా పడకుండా ఉంటేనే.

జనవరి చివరి దాకా ఆగితే మీకు ఐదేళ్లు నిండుతాయి, అప్పుడు మీకూ గ్రాట్యుటీ వస్తుంది. గ్రాట్యుటీ అంటే మూలవేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేయడమే. మీకు 1.73 లక్షలు వస్తుంది. మీవారికి ఆరేళ్ల ఎనిమిది నెలలవుతుంది, ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు కాబట్టి ఏడేళ్లకు 3.03 లక్షలు. ఎనిమిది నెలల పొదుపు 7.2 లక్షలు. అన్నీ కలిపి దాదాపు 56 లక్షలు చేతిలో ఉంటాయి. లక్ష లోటు కాస్తా 8.4 లక్షల మిగులు అవుతుంది. ఫ్లాటు అద్దెకిస్తే వచ్చేది ఇందులో కలపలేదు. కలపకండి కూడా. పదకొండు నెలల ఒప్పందం రాసుకోండి, ఆ అద్దెను మరమ్మతులకు, అనుకోని వాటికి వదిలేయండి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాశారు గానీ, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది అదే. మీ ఆఖరి పనిదినం నాటికి ఆవిడ ఆరోగ్య బీమా కూడా ఆగిపోతుంది. షుగర్ ఉన్న 61 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ తీసుకుంటే ఆ జబ్బుకు సంబంధించిన ఖర్చులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ (బీమా సంస్థ ఆ ఖర్చు ఇవ్వని కాలం) పెట్టవచ్చు. అంటే మీరు తిరిగొచ్చాక కూడా అది పూర్తి కాదు. అందుకే రాజీనామా ఇవ్వకముందే మీ గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా సంస్థనే అడగండి, అమ్మగారిని వ్యక్తిగత పాలసీకి మార్చుకునే వీలుందా అని. అలా మారితే గ్రూపు పాలసీలో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలిసొస్తుంది. వీలు కాదంటే కొత్త పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, గడియారం ఇప్పటి నుంచే మొదలవుతుంది. ఏదైనా సరే, మిగిలే 8.4 లక్షల్లో 5 లక్షలు అమ్మగారి పేరుతో కలిపి ఒక జాయింట్ ఖాతాలో వేసి, ఏటీఎం కార్డు ఆవిడ చేతికివ్వండి. ఖమ్మంలో మీ బంధువుల్లో ఎవరైనా ఒకరికి ఆ సంగతి తెలిసి ఉండాలి. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర అడ్వాన్సు కట్టమన్నప్పుడు మీరు ఏ దేశంలో ఉన్నారో, అక్కడ ఎన్ని గంటలైందో ఎవరూ వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

మీ ఇద్దరికీ కూడా ఫ్లోటర్ పాలసీ (ఇద్దరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) ఇప్పుడే తీసుకోండి. టర్మ్ ఇన్సూరెన్సు లేకపోతే అదీ ఉద్యోగం ఉండగానే తీసుకోవాలి, జీతం రుజువు లేకుండా పెద్ద మొత్తానికి ఇవ్వరు. పీఎఫ్‌తో పాటు వచ్చే 7 లక్షల వరకు జీవిత బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. మన ఆరోగ్య పాలసీలు సాధారణంగా విదేశాల్లో పనిచేయవు, ప్రయాణ బీమా వేరే తీసుకోవాలి. షెంజెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కనీసం 30 వేల యూరోల వైద్య రక్షణ తప్పనిసరి. ఒకే ప్రయాణానికి చాలా సంస్థలు 180 రోజులకు మించి ఇవ్వవు, గడువు ముగిసేలోపే పొడిగించుకోవాలి. ఆ తేదీని ఇద్దరి ఫోన్లలోనూ రాసి పెట్టుకోండి.

పీఎఫ్ ఎందుకు తీయవద్దంటున్నానంటే, అవసరం లేదు కాబట్టి. మీరు లేనప్పుడు కూడా దానికి వడ్డీ వస్తూనే ఉంటుంది. ఉద్యోగం మానేశాక వచ్చే ఆ వడ్డీకి మాత్రం పన్ను ఉంటుంది. కొత్త ఉద్యోగం వచ్చాక అదే యూఏఎన్‌కు (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కలుపుకోవచ్చు. పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు లెక్కలో ఇప్పటిదాకా చేసిన సంవత్సరాలు నిలుస్తాయి. స్థలం తొందరలో అమ్మితే కొనేవాడు చెప్పిందే ధర. వెళ్లేముందు హద్దు రాళ్లు చూసుకుని, కొత్త ఈసీ (స్థలంమీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం) తీసి పెట్టుకుని, దగ్గరి వాళ్లెవరైనా రెండు నెలలకోసారి చూసి వచ్చేలా ఏర్పాటు చేసుకోండి.

ఫండ్ల విషయంలో కొంచెం ఓపిక కావాలి. రెండేళ్లలోపు ఖర్చయ్యే డబ్బు ఈక్విటీలో ఉండకూడదు. మార్కెట్ పడిన నెలలో మీరు లిస్బన్‌లో గది అద్దె కట్టడానికి యూనిట్లు అమ్ముకోవలసి వస్తే ఆ బాధ చాలాకాలం ఉంటుంది. అమ్మగారి 5 లక్షలతో కలిపి ఫండ్ల నుంచి సుమారు 22.6 లక్షలు తీయాలి. సగం మార్చి 31 లోపు, సగం ఏప్రిల్ 1 తర్వాత తీయండి. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ఒక్కొక్కరికి ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఇద్దరు, రెండు ఆర్థిక సంవత్సరాలు, అంటే 5 లక్షల లాభం పన్ను లేకుండా బయటపడుతుంది. మొత్తం లాభం 7.8 లక్షల దాకా ఉంటుంది కాబట్టి సెస్సుతో కలిపి కట్టవలసింది 36 వేల చిల్లర. ఒకేసారి తీస్తే ఇది దాదాపు రెట్టింపు అవుతుంది. జీతం లేని సంవత్సరంలో 4 లక్షల ప్రాథమిక మినహాయింపు కూడా ఈ లాభానికి వాడుకోవచ్చు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది రెసిడెంట్లకే. ఆ ఏప్రిల్ నుంచి మరుసటి మార్చి వరకు మీరు 60 రోజులైనా దేశంలో ఉండరు కాబట్టి ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్లవుతారు. దాన్ని నమ్ముకోవద్దు.

ఇక తిరగడానికి పెట్టుకున్న 30 లక్షలు. విమానాలకు, వీసాలకు, బీమాకు 6 లక్షలు తీసేస్తే 24 లక్షలు, 425 రోజులు. ఇద్దరికీ కలిపి రోజుకు 5,650 రూపాయలు. వియత్నాంలోనో ఇండోనేసియాలోనో ఇది హాయిగా సరిపోతుంది, మిగులుతుంది కూడా. పశ్చిమ యూరప్‌లో చాలా నగరాల్లో ఆ డబ్బు గది అద్దెకే పోతుంది. అందుకే యూరప్‌ను 14 నెలల్లో రెండు నెలలకు మించనివ్వకండి. షెంజెన్ నిబంధన ప్రకారం ఎటూ ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు. ఆ వీసాకు మీరు నివసించే దేశం నుంచే దరఖాస్తు చేయాలి, బ్యాంకాక్‌లో టూరిస్టుగా ఉండి చేస్తే సాధారణంగా తీసుకోరు. కాబట్టి యూరప్ ముందు, ఆసియా తర్వాత పెట్టుకోవడం మేలు. రాజీనామా సంగతి దాచి ఉద్యోగ పత్రం పెట్టకండి, ఒకసారి తప్పు బయటపడితే తర్వాతి వీసాలన్నీ కష్టమవుతాయి. మీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫ్లాటు కాగితాలే మీరు తిరిగొస్తారనడానికి గట్టి సాక్ష్యం. దానికంటే మంచిది, జీతం లేని దీర్ఘకాలిక సెలవు ఇస్తారేమో ఇద్దరూ అడగడం. ఒక్కరికి దొరికినా వీసాకు నిజమైన పత్రం ఉంటుంది, తిరిగొచ్చాక ఒక జీతం ఉంటుంది.

బయట కార్డు గీస్తే చాలా క్రెడిట్ కార్డులు మూడున్నర శాతం వరకు అదనంగా పట్టుకుంటాయి. 20 లక్షలమీద అది 70 వేలు. ఆ రుసుము లేని కార్డు ఒక్కొక్కరికి ఒకటి తీసుకోండి. దుకాణంలో రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీలోనే చెల్లించండి. ఫారెక్స్ కార్డులో ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కరి పేర 10 లక్షలు దాటితే, దాటిన మొత్తంమీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది గానీ అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. అందుకని ఇద్దరి పేరా సమానంగా వేసుకోండి.

ఇంకొక్క మాట. నేను సలహా ఇచ్చిన ఒక జంట జార్జియాలో ఉండగా ఇక్కడి సిమ్ రీచార్జి మరచిపోయారు. తొంభై రోజులు వాడకపోయేసరికి నంబరు ఆగిపోయింది. ఓటీపీ రాక, ఎఫ్‌డీ తీయలేక, పదకొండు రోజులు అక్కడి స్నేహితుల దగ్గర అప్పు తీసుకుని గడిపారు. డబ్బు బ్యాంకులో భద్రంగానే ఉంది, చేతికే రాలేదు. రెండు నంబర్లకూ ఏడాది రీచార్జి చేయించి, రోమింగ్‌లో ఓటీపీ వస్తుందో లేదో మొదటి మజిలీలోనే చూసుకోండి.

పిల్లల గురించి రాశారు కదా. వ్యక్తిగత పాలసీల్లో కాన్పు ఖర్చుకు సాధారణంగా ఏళ్ల తరబడి వెయిటింగ్ ఉంటుంది, కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావాటిలో ఉండదు. 26 వారాల ప్రసూతి సెలవుకు, కాన్పుకు ముందు ఏడాదిలో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి. తిరిగొచ్చాక మీ ఉద్యోగం ముందు చూసుకోవడం ఇందుకోసమైనా అవసరం.

మీ మామగారు వద్దనడం మొండితనం అని నాకు అనిపించలేదు. ఆయన భయం మీరు వెళ్లడం గురించి కాదు, వచ్చాక ఏమవుతుందో అని. తిరిగొచ్చాక ఆరు నెలలకు కావలసిన 8.82 లక్షలు విడిగా ఎఫ్‌డీ చేసి, మీరు లేనప్పటి ఈఎంఐల 5.6 లక్షలు వేరే ఖాతాలో ఉంచి, రెంటికీ ఆయనను నామినీగా పెట్టండి. బయలుదేరే ముందు కాకినాడో విజయవాడో, ఆయన ఎక్కడుంటే అక్కడికి ఇద్దరూ వెళ్లి, పక్కన కూర్చుని ఆ కాగితాలు చూపించి, వాటిని ఆయన బీరువాలోనే ఉంచి రండి.