పాత 11 కేవీ కేబుల్‌కి ఏటా హైపాట్ చేయించాలా?

అడిగినవారి గేటెడ్ కమ్యూనిటీకి 11 కేవీ భూగర్భ కేబుల్ ఉందట. వేసి 14 ఏళ్లయింది, ఇప్పటిదాకా ఏ గొడవా లేదు. కొత్తగా వచ్చిన మెయింటెనెన్స్ ఏజెన్సీ ఏటా డీసీ హైపాట్ టెస్టు (మామూలు కంటే ఎక్కువ డీసీ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ నిలుస్తుందా అని చూసే పరీక్ష) చేయాలని కొటేషన్ పెట్టింది. చేయించాలా, దండగ ఖర్చా అని ప్రశ్న.

నాకు ఈ పనిలోనే జుట్టు నెరిసింది. టెస్టింగ్ సెట్టు వ్యాన్‌లో వేసుకుని హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడలన్నీ తిరిగాను. అందుకే నాన్చకుండా చెప్తున్నా, చేయించొద్దు. ఖర్చు సంగతి కాదు నేను చెప్పేది. బాగానే పనిచేస్తున్న కేబుల్‌ని మీ డబ్బు పెట్టి మీరే పాడుచేసుకుంటారు.

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో జరిగింది చెప్తాను. పేరెందుకులెండి. మీటరింగ్ క్యూబికల్ నుంచి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఇంచుమించు 600 మీటర్ల కేబుల్. మూడు కోర్లు, 300 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం, ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్) ఇన్సులేషన్. వేసి పదిహేనేళ్లు దాటింది. వార్షిక షట్‌డౌన్‌లో పిలిచారు. సేఫ్టీ ఆడిట్ చెక్‌లిస్టులో 'హైపాట్' అని ఒక లైను, దాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి. ఆ గడి ఖాళీగా ఉండకూడదు. అసలు సమస్యల్లా ఆ గడే.

మేనేజర్‌కి ముందే చెప్పాను. "సార్, ఇది పాత కేబుల్. ఐదు కేవీ మెగ్గర్ కొట్టి పీఐ చూద్దాం. ఇంకా కావాలంటే వీఎల్‌ఎఫ్ సెట్టు తెప్పిద్దాం. డీసీ మాత్రం వద్దు." మెగ్గరంటే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు. పీఐ అంటే దాని పది నిమిషాల రీడింగ్‌ని ఒక నిమిషం రీడింగ్‌తో భాగిస్తే వచ్చే అంకె. వీఎల్‌ఎఫ్ అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ, దాని సంగతి తరవాత చెప్తాను. మేనేజర్ మంచివాడే. "మీరు చెప్పేది నాకర్థమైందండీ, ఆడిటర్‌కి అర్థం కావాలి కదా. 18 కేవీ, ఐదు నిమిషాలు పెట్టి రిపోర్టు ఇచ్చేయండి" అన్నాడు. మన దగ్గర కొత్తగా వేసిన 11 కేవీ కేబుల్‌కి 18 కేవీ డీసీ పెట్టడం ఎప్పటినుంచో ఉన్న లెక్క. కొత్త కేబుల్ లెక్కని పదిహేనేళ్ల కేబుల్‌కి అంటగట్టారు. రాతపూర్వకంగా ఇవ్వమంటే ఇచ్చేశాడు కూడా.

సరే, మొదలుపెట్టాం. ముందురోజు వాన పడింది, టెర్మినేషన్ల (కేబుల్ చివరల) మీద దుమ్మూ తేమా కలిసి పేరుకున్నాయి. పొడిగుడ్డతో ఒకసారి, స్పిరిట్‌తో ఒకసారి తుడిచాం. అది తుడవకుండా మెగ్గర్ కొట్టి "ఇన్సులేషన్ వీక్‌గా ఉంది" అని కేబుల్ మార్పించినవాళ్లని చూశాను నేను. లగ్గుల (చివర బిగించే లోహపు ముక్కల) మొనల దగ్గర కరోనా, అంటే గాలిలోకి చార్జి కారడం, రాకుండా పాలిథిన్ కవర్లు తొడిగాం. రెండో చివర, ట్రాన్స్‌ఫార్మర్ యార్డులో, మా కుర్రాడు తాడు కట్టి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఆర్ ఫేజ్‌కి పెట్టి, మిగతా రెండు ఫేజులూ, కేబుల్ మీది లోహపు పొరలైన స్క్రీనూ, ఆర్మరూ ఎర్త్ చేశాం. మూడు కేవీ చొప్పున పెంచుకుంటూ పోయాను. పెంచిన ప్రతిసారీ మైక్రో ఆంపియర్ ముల్లు ఎగిరి, మెల్లగా కిందికి దిగింది. అలా దిగుతుంటే మంచిదే, దిగకుండా పైకి పాకుతుంటేనే చెయ్యి నాబ్ మీద పెట్టుకుని ఉండాలి. 18 దగ్గర ఐదు నిమిషాలూ ముల్లు దిగుతూనే ఉంది. మూడు ఫేజులూ అంతే. మేనేజర్ మొహం వెలిగిపోయింది.

డిశ్చార్జ్ రాడ్ పెడితే 'టప్'మని నీలం మెరుపు. మా కుర్రాడు ఫోన్లో "అన్నా, అయిపోయింది కదా, కవర్లు తీసేయనా?" అన్నాడు. ముట్టుకోవద్దని గట్టిగా అరిచాను. ఇలాంటి కేబుల్‌లో కిలోమీటరుకి ఒక్కో కోర్‌లో 0.4 మైక్రోఫారడ్ దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. 18 కేవీ దగ్గర లెక్కేస్తే కిలోమీటరుకి 65 జౌళ్లు. ఒకసారి రాడ్ పెట్టి తీసేస్తే సరిపోదు. తడిగుడ్డ పిండి దండెం మీద వేశాక కూడా కింద నీటిబొట్లు పడుతున్నట్టు, ఇన్సులేషన్ లోపల ఇంకిన చార్జి మెల్లగా మళ్లీ పైకొస్తుంది. టెస్టు పెట్టినంతసేపటికి నాలుగైదు రెట్లు ఎర్త్ తగిలించి ఉంచాలి. ఇది తెలియక టెస్టంతా క్షేమంగా చేసి చివర్లో దెబ్బ తిన్నవాళ్లున్నారు.

సాయంత్రం చార్జ్ చేశారు. బ్రేకర్ నిలబడింది. టీ తాగి, రిపోర్టు మీద సంతకాలు పెట్టి వచ్చేశాం.

వారం తిరక్కముందే అర్ధరాత్రి ఫోన్, కేబుల్ పోయిందని. ఫ్యాక్టరీ మొత్తం చీకటి, డీజీ సెట్టు మీద సగం లోడే నడుస్తోంది. టీడీఆర్ (లోపం ఎంత దూరంలో ఉందో చూపే పరికరం) పెట్టి పల్స్ కొడితే 340 మీటర్ల దగ్గర చూపించింది. థంపర్ (కేబుల్‌లోకి హై వోల్టేజీ దెబ్బలు కొట్టే సెట్టు) పెట్టి, రాత్రి నిశ్శబ్దంలో నేల మీద చెవి ఆనించి వింటే క్యాంటీన్ గోడ పక్కన ధబ్ ధబ్ మని వినిపించింది. తవ్వితే అక్కడ జాయింట్ లేదు. అతుకు లేని నిండు కేబుల్. పై షీత్ మీద పెసరగింజంత నల్లటి చిల్లు. ఆ ముక్క కోసి ఇన్సులేషన్ ఒలిస్తే కండక్టర్ స్ట్రాండ్ల మధ్య తెల్లటి పొడి, విభూతిలా వేలికి అంటుకుంది. అల్యూమినియం నీటితో కలిస్తే వచ్చేది అదే. ఎన్నేళ్ల నుంచి ఆ కేబుల్ లోపల నీరుందో! అయినా 6.35 కేవీ ఫేజ్ వోల్టేజీ మోస్తూ బతికింది. మేము 18 డీసీ పెట్టాక వారం ఆగలేదు. యాదృచ్ఛికం అన్నాడు మేనేజర్. నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను.

ఇది నా ఒక్కడి గోల కాదు. ఎక్స్‌ఎల్‌పీఈలో నీరు చేరి, ఏళ్ల తరబడి ఏసీ ఒత్తిడి పడితే లోపల చెట్టు కొమ్మల్లాంటి సన్నని దారులు పాకుతాయి. వాటర్ ట్రీలంటారు. డీసీ పెట్టినప్పుడు ఆ దారుల దగ్గర చార్జి ఇరుక్కుపోతుంది, ఎర్త్ చేసినా పూర్తిగా పోదు. మళ్లీ ఏసీ ఇచ్చినప్పుడు ఇరుక్కున్న చార్జి ఒత్తిడి కూడా దానికి తోడై సరిగ్గా అక్కడే పేలుతుంది. 1990ల్లో అమెరికాలో ఈపీఆర్‌ఐ అనే విద్యుత్ పరిశోధన సంస్థ చేయించిన పరిశోధనలు కూడా వాడి పాతబడ్డ ఎక్స్‌ఎల్‌పీఈకి డీసీ పెడితే మిగిలిన ఆయుష్షు తగ్గుతుందనే తేల్చాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60502-2 లో సైతం డీసీ టెస్టు ఇన్సులేషన్‌ని ప్రమాదంలో పడేయొచ్చని హెచ్చరిక ఉంది. ఇంత చేసీ డీసీ అసలు లోపాన్ని పట్టుకుంటుందా అంటే అదీ అనుమానమే. డీసీలో వోల్టేజీ రెసిస్టెన్స్‌ని బట్టి పంచుకుంటుంది, రోజూ నడిచే ఏసీలో కెపాసిటెన్స్‌ని బట్టి. అందుకే రోజూ ఒత్తిడి పడే చోటు మీద టెస్టులో పడనే పడదు.

మరి జనం డీసీ ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు? సెట్టు చిన్నది, ఆటోలో పట్టేస్తుంది. అది కాగితం, నూనె కేబుళ్ల నాటి పద్ధతి, వాటికి బాగానే పనికొచ్చింది. ఎక్స్‌ఎల్‌పీఈ వచ్చి ఇన్నేళ్లయినా చెక్‌లిస్టులు మారలేదు. మామూలు 50 హెర్ట్‌జ్ ఏసీతో సైట్లో టెస్ట్ చేయాలంటే కిలోమీటరు కేబుల్‌కి 19 కేవీ దగ్గర 45 కేవీఏ దాకా కావాలి, అంటే లారీ మీద ట్రాన్స్‌ఫార్మర్ తేవాలి. అందుకే వీఎల్‌ఎఫ్ వచ్చింది. 0.1 హెర్ట్‌జ్, అంటే ఒక్క సైకిల్‌కి 10 సెకన్లు. 500 రెట్లు తగ్గి వంద వీఏ లోపే సరిపోతుంది. కొత్త కేబుల్‌కి మూడు రెట్ల ఫేజ్ వోల్టేజీ, 15 నిమిషాలు. పాతదానికి ఇంకా తక్కువ వోల్టేజీ, తక్కువ సేపు పెట్టొచ్చని ఆ ఐఈసీ ప్రమాణమే చెబుతుంది. దాంతోపాటు టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో వృథా అయ్యే శక్తి కొలత) చూస్తే కేబుల్‌ని పేల్చకుండానే దాని ఒంట్లో నలత తెలుస్తుంది. వోల్టేజీ పెంచుతుంటే టాన్ డెల్టా కూడా పెరుగుతోందంటే నీరు చేరిందనే అనుమానించాలి.

ఇంకో మాట, అడక్కపోయినా చెప్తాను. నేను చూసినవాటిలో ఎక్కువ కేబుళ్లు పోయింది కేబుల్ తప్పు వల్ల కాదు, జాయింట్ల దగ్గర. హైపాట్ పరీక్ష రాసేది కేబుల్ కాదు, జాయింటర్. సెమీకాన్ పొరని (ఇన్సులేషన్ మీది నల్లటి సెమీకండక్టింగ్ పొర) పగిలిన గాజు ముక్కతో గీకి తీసేవాళ్లు మా పాత జాయింటర్లు. చెయ్యి ఎంత నిదానమంటే కింద తెల్లటి ఇన్సులేషన్ మీద గీత పడేది కాదు. ఆ తరవాత ఎమెరీ గుడ్డతో నున్నగా చేసి, సెమీకాన్ అంచున పసుపు మాస్టిక్ (జిగురు పట్టీ) చుట్టి, ఆపైన స్ట్రెస్ కంట్రోల్ ట్యూబ్ దించి, గ్యాస్ టార్చ్‌ని ఒకేచోట ఆపకుండా చుట్టూ తిప్పుతూ వేడి పెట్టేవాళ్లు. ఇప్పుడు జాయింటుకింత అని కాంట్రాక్టు. వాన పడుతున్నా, గోతిలో నీళ్లున్నా, గొడుగు పట్టి కానిచ్చేస్తున్నారు. అడిగితే "టెస్టులో పాసైంది కదా సార్" అంటారు. పాసవుతుంది మరి. ఇన్సులేషన్ మీద పడ్డ కత్తి గాటు రెండు వానాకాలాలు ఆగి మాట్లాడుతుంది.

రిపోర్టుల సంగతి ఇంకా ఘోరం. నిరుటి రిపోర్టులో తేదీ మార్చి ఇచ్చేవాళ్లున్నారు. మూడు ఫేజులకీ గీత గీసినట్టు ఒకే మెగ్గర్ రీడింగ్ ఉంటే నమ్మకండి, నిజం కేబుల్‌లో అలా రాదు. 'ఇన్ఫినిటీ' అని రాస్తే అసలే నమ్మకండి. ఒకచోట ఇన్ఫినిటీ వస్తోందని మురిసిపోతుంటే వెళ్లి చూశాను. లీడ్ క్లిప్పు కవర్‌కి తగిలించి ఉంది, లగ్గుకి కాదు.

ఇక మీ సంగతి. ఇబ్బంది లేని 14 ఏళ్ల కేబుల్‌కి ఏటా ఏ ఓవర్ వోల్టేజీ టెస్టూ అక్కర్లేదు. ఏటా షట్‌డౌన్‌లో టెర్మినేషన్లు తుడిపించి, ఐదు కేవీ మెగ్గర్‌తో ఒక నిమిషం రీడింగూ పది నిమిషాల రీడింగూ తీయించి, ఆరోజు ఎండా వానా కూడా పక్కన రాయించండి. కిందటేటి అంకెతో పోల్చుకోండి, అంకె దానంతటది ఏమీ చెప్పదు. మూడు నాలుగేళ్లకోసారి వీఎల్‌ఎఫ్ టాన్ డెల్టా చేయించండి. మీ ఏజెన్సీ దగ్గర ఆ సెట్టు లేకపోతే అద్దెకి తెచ్చుకోమనండి, అంతేగానీ ఉన్న సెట్టుతో కానిచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు. టెస్టు రోజున రెండో చివర ఎవరు నిలబడతారో పేరుతో సహా ముందే అడగండి. అక్కడ మీ వాచ్‌మన్‌ని నిలబెడతామంటే ఆ ఏజెన్సీకి నమస్కారం పెట్టేయండి.

కొటేషన్‌లో డీసీ హైపాట్ లైను కొట్టించేస్తే మిగిలే డబ్బుతో ఓ 15 మీటర్ల కేబుల్ ముక్క, రెండు జాయింట్ కిట్లు కొని స్టోర్‌లో పెట్టుకోండి. అర్ధరాత్రి కేబుల్ పోతే హైదరాబాద్‌లో కూడా ఇవి దొరకవు. ముక్కకి రెండు చివరలా ఎండ్ క్యాప్‌లు వేయించండి, లేకపోతే వాన నీరు స్ట్రాండ్ల వెంట లోపలికి పాకి అదీ పాడవుతుంది. కిట్ మీద గడువు తేదీ ఉంటుంది, మాస్టిక్ పాతబడితే అంటుకోదు. ఆ తేదీ చూసి మరీ కొనండి.