తెర వెనక మైకు

తమ్ముడికి,

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. జాతర రాత్రిని బాగానే పట్టావు. కానీ టీ కొట్టాయన, ముసలమ్మ, పూజారి అందరూ అచ్చు పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కలం పట్టగానే నీకు టెన్షన్, తప్పు దొర్లుతుందేమోనని. నాకూ ఉండేది.

కథలు రాయకముందు నేను పర్లాకిమిడిలో మైకు సెట్టు కుర్రాణ్ణి. మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు నుంచి బృందాలు వస్తే, వాళ్ళ వెంట కాశీనగర్, గుణుపురం దాకా పెట్టెలు మోసేవాణ్ణి. గుండెల మీద రేకు డప్పులు కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళ వాళ్ళతో పేచీ లేదు. మైకు లేకపోయినా ఊరు లేస్తుంది. చంపేది జముకే. కుంచం లాంటి డొల్ల, ఒక పక్క తోలు, మధ్యలోంచి నరం. నరాన్ని బిగిస్తూ, వదులుతూ మీటితే కడుపులోంచి వచ్చినట్టు 'గుమ్' అంటుంది. ఆ గుమ్ముని హారన్ స్పీకర్లు మింగేసి ఉత్త 'టక్ టక్' బయటికి వదిలేవి. సౌండు పెంచితే మైకు కూత. హారన్లని వేదిక కంటే ముందుకి జరిపి, మైకుకి వీపు పెట్టేలా కట్టాలని తెలిసేసరికి ఒక సీజను గడిచిపోయింది.

ఒక రాత్రి కాశీనగర్ దగ్గర పల్లెలో, కథ మధ్యలో ఆపినప్పుడు, నేను మైకు ఆపకుండా టీకి పోయాను. అంతవరకూ ఎల్లమ్మ గొంతుతో రాగం తీసిన కథకుడు తెర వెనక చుట్ట వెలిగించి, జముకు వాయించే ఆయనతో ఇంటి గోడు చెప్పుకున్నాడు. జనమంతా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. పల్లీలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఆ మైకు కట్టెయ్ బాబూ, పాపం" అంది.

ఆయన ఏమన్నాడో ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు. నీకూ చెప్పను. ఎలా అన్నాడో మాత్రం దాచుకున్నాను: చుట్ట పీల్చడానికి మాట తుంచడం, అప్పు అంకె దగ్గరికొచ్చేసరికి 'అంత' అని ఊరుకోవడం.

గిడుగు రామమూర్తిగారు మా ఊళ్ళోనే పంతులుగా ఉంటూ కొండల్లోని సవర గిరిజనుల మాట వాళ్ళ నోటే విని నేర్చుకున్నారు. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన ఉన్న ఊరి పక్కనే పుట్టి నువ్విలా గ్రాంథికం వైపు జారితే నాకు కొంచెం కోపమే వస్తుంది. నీ మాటల్లో ఒడియా కలిస్తే కలవనీ.

నీ పూజారి గుడి ముందు ఏం మాట్లాడతాడో రాశావు. జనం పోయాక అరుగు మీద కూర్చుని, పంక్చరైన సైకిల్ గురించి ఎలా విసుక్కుంటాడో ఒక పేజీ రాయి. కథలో పెట్టకు, చించేయ్. ఆ తర్వాతే పాత కాగితం ముట్టుకో.

ఆదివారం రైల్లో వచ్చెయ్. కథ పైకి చదువుదాం. ముసలమ్మ మాటలు మీ వదిన చదువుతానంది.

ఉంటాను,
మీ అన్న