సంచి సర్దుకుని కూర్చున్న పెద్దాయన

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

మీ ఆసుపత్రి క్యాజువాలిటీలో రోగులు ఎదురుచూసే సమయాన్ని తగ్గించడానికి, ఆసుపత్రి నడిచే తీరును కంప్యూటరులో అనుకరించి చూపే సిమ్యులేషన్ మోడల్ తయారుచేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. రాత్రి పడుకున్న తరువాత మాత్రం పాత భయం ఒకటి లేచి కూర్చుంది. అడగకుండానే సలహాలిచ్చే వయసు మామయ్యకు వచ్చిందని నవ్వుకున్నా సరే, ఈ ఉత్తరం ఆసాంతం చదువు.

నీకు తెలిసినవి ముందు ముగిస్తాను. ఏ ప్రశ్నకు జవాబు కావాలో ఒక్క వాక్యంలో రాసి, డాక్టర్ల చేత, నర్సుల చేత ఔననిపించు. మోడల్‌లో ఖాళీ ఆసుపత్రితో మొదలయ్యే తొలి రోజుల ఫలితాలను తీసివెయ్యి. ఒక్కసారి నడిపితే వచ్చిన అంకెను నమ్మవద్దు. వేర్వేరు యాదృచ్ఛిక సంఖ్యలతో పలుమార్లు నడిపి, ఫలితం ఎంత మేర అటూ ఇటూ ఊగుతున్నదో కూడా చెప్పు. మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లలో సింపై వాడతావో, ఎనీలాజిక్ వాడతావో నీ ఇష్టం. ఆ తగవులోకి నేను రాను.

ఇక నా తప్పు సంగతి. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక ఆసుపత్రి మెడికల్ వార్డుకు ఎన్ని పడకలు కావాలో తేల్చమని నన్ను అడిగారు. రిజిస్టరులో చేరిన సమయం, డిశ్చార్జి సమయం పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెంటి మధ్య తేడాయే రోగి పడకపై ఉన్న కాలమని తీసుకున్నాను. సగటుతో సరిపెట్టుకోలేదు సుమా. చాలామంది రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతే కొద్దిమంది వారాల తరబడి ఉంటారని తెలిసి, ఆ కొద్దిమందినీ లెక్కలో ఉన్నదున్నట్లు నిలిపాను. మోడల్ చెప్పిన సంఖ్యను నర్సులు అర్ధరాత్రి వేసే తలల లెక్కతో పోల్చితే చక్కగా కుదిరింది. నాలుగు పడకలు మిగులని రాసిచ్చాను. నా మాట మీద వాటిని వేరే విభాగానికి తరలించారు.

నెల తిరగకముందే, వార్డులో పడక దొరకని రోగులతో క్యాజువాలిటీ వరండాలో స్ట్రెచర్లు బారులు తీరాయి. లోపం ఎక్కడుందో కంప్యూటరులో రెండు వారాలు వెతికాను. చివరికి ఒక సీనియర్ నర్సు నన్ను వార్డులోకి పిలిచి ఒక పెద్దాయనను చూపించింది. ఆయన ఇంటి బట్టలు కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉన్నారు. కేసు షీటుపై డిశ్చార్జి సమయం 11 గంటలు. గోడ గడియారంలో మూడు కావస్తున్నది. డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి, మందులు రావాలి, కొడుకు రావాలి, ఆ తరువాత దుప్పటి మార్చి మంచం తుడవాలి. "మీ కంప్యూటరులో ఈయన ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయారు కదండీ" అన్నదామె. ఆ మాటలో వెటకారం లేదు; ఉన్నా బాగుండేది.

రోజుకు 24 మంది వెళ్లే వార్డులో ఒక్కొక్కరికి 4 గంటలు లెక్కలోకి రాకపోతే 96 గంటలు, అంటే రోజంతా 4 పడకలు. నేను మిగులన్నవి సరిగ్గా అవే. వచ్చే వేగాన్ని ఉండే కాలంతో గుణిస్తే లోపల ఉండే సంఖ్య వస్తుందని 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని, మంచం పక్కన దాన్ని మరిచాను. అర్ధరాత్రి లెక్క నా తప్పును ఎందుకు పట్టివ్వలేదంటావా? ఆ వేళకు వెళ్లవలసిన వారందరూ వెళ్లిపోయి ఉంటారు. తప్పు దాగింది మధ్యాహ్నంలో. అందుకే నీ మోడల్‌ను గంటగంటకూ సరిచూడు, రోజుకొక్కసారి కాదు.

నాలుగు పడకలకే అంత గొడవా అని నీకు అనిపించకూడదు. ఒకే కౌంటరు ఉన్న సాదా క్యూ లెక్క తీసుకో: ఒక్కొక్కరికి సగటున 10 నిమిషాలు పడుతుంటే, కౌంటరు 80 శాతం వేళ పనిలో ఉన్నప్పుడు నిరీక్షణ సగటున 40 నిమిషాలు, 90 శాతమైతే 90, 95 శాతమైతే 190. పడకలు ఎక్కువ ఉన్నచోట ఇంత తీవ్రంగా ఉండదు కానీ, చివర్లో ఒక్కసారిగా లేచే తీరు మాత్రం అదే. ఖాళీగా ఉన్న పడక దండగని యాజమాన్యం అన్నప్పుడు ఈ వరుసను వాళ్ల ముందు పెట్టు.

నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. తెరపై రంగురంగుల బొమ్మలు నడుస్తుంటే చూసేవాళ్లు ప్రశ్నలు మానేస్తారు; తయారుచేసిన వాళ్లు కూడా మానేస్తారు. నువ్వు చిన్నప్పటి నుంచీ కుర్చీలోంచి లేవకుండా లెక్కలు చేసే పిల్లవు, అందుకే గట్టిగా చెబుతున్నాను: కోడ్ రాయకముందే ఒక పగలు, ఒక రాత్రి, ఒక ఆదివారం వార్డులో నిలబడు. డాక్టరు సంతకం చేసిన సమయం, రోగి మంచం దిగిన సమయం, మంచం మళ్లీ సిద్ధమైన సమయం, ఈ మూడూ వేర్వేరుగా చేత్తో రాసుకో. రిజిస్టరులో సమయాలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తుంటే, తీరిక దొరికినప్పుడు ఎవరో కలిపి రాశారని అర్థం. వాళ్లను తప్పుపట్టకు, వాళ్ల చేతుల్లో అప్పుడు రోగులున్నారు.

రాత్రి డ్యూటీ చూసి వచ్చిన రోజున మాత్రం మోడల్ ముట్టుకోకుండా నిద్రపో, తల్లీ. తొలి ఫలితాలు వచ్చాక ఆ బొమ్మల వీడియో నాకు పంపనక్కరలేదు. నువ్వు చేత్తో రాసుకున్న సమయాల కాగితం ఫోటో తీసి పంపు, కళ్లజోడు పెట్టుకుని వరుస వరుసా చూస్తాను.

నీ మామయ్య