ఎనిమిదో తరగతి బాబు చదవడానికి తడబడుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ బాబు బెంగళూరు మారతహళ్లిలో ఇంగ్లీషు మీడియం, ఎనిమిదో తరగతి. పాఠం గట్టిగా చదవమంటే తడబడతాడు, క్లాసులో నవ్వుతారని పుస్తకమే ముట్టడం లేదు, ట్యూషన్‌తో కూడా మార్పు లేదు అన్నారు. నేను చదువు చెప్పేది ఇలాంటి పిల్లలకే కాబట్టి రాస్తున్నానండీ.

ముందు కళ్లు, చెవులు చూపించండి. తర్వాత సైన్స్ పాఠంలో ఒక పేరా మీరు చదివి వినిపించి, ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు అర్థమై, తను చదివితే అర్థం కాకపోతే ఇబ్బందల్లా అక్షరాలను శబ్దంగా మార్చడంలోనే. ఆ సంగతి బాబుకీ చెప్పండి. తను మొద్దునని నమ్మేసిన పిల్లాడికి అది చాలా పెద్ద కబురు.

కన్నడ పాఠం కూడా చదివించి చూడండి. అది సాఫీగా సాగి ఇంగ్లీషు దగ్గరే ఆగితే, స్పెల్లింగుకీ శబ్దానికీ ఉన్న లెక్క సరిగా నేర్పలేదని చాలావరకు అనుకోవచ్చు. రెండూ కష్టమైనా, కన్నడ తప్పుల్లేకుండా వచ్చి మరీ నెమ్మదిగా ఉన్నా, డిస్లెక్సియా (తెలివికి లోటు లేకున్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో కనుక్కోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తిస్తుంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు.

ఈ వయసులో అసలు చిక్కు ఊహించి చదవడం. మొదటి రెండక్షరాలు చూసి మిగతాది కల్పించేస్తారు. చిన్న తరగతుల్లో పొట్టి పదాలు, బొమ్మలతో అలాగే నెట్టుకొస్తారు. పైతరగతుల్లో పొడవాటి పదాలొచ్చాక దొరికిపోతారు. అలాగని మళ్లీ ఏబీసీడీలు పెట్టకండి, చిన్నబుచ్చుకుంటాడు. పదాన్ని విరవడం నేర్పండి. పెన్సిలుతో ముందు చివరి ముక్క విడదీయాలి: టి-ఐ-ఓ-ఎన్ కనబడితే ‘షన్’. తర్వాత మొదటి ముక్క: ‘అన్’, ‘రీ’, ‘డిస్’ లాంటివి. మిగిలినదాంట్లో అచ్చుల కింద గీత. ముక్కకో అచ్చు శబ్దం. ‘ఫొటోసింథసిస్’ని ఫొ-టొ-సిన్-థ-సిస్ అని విరిచి, కలిపి, అదే వాక్యంలో మళ్లీ చదవాలి. మర్నాటి పాఠంలోంచి రోజుకి ఐదారు పదాలు చాలు.

ఆపైన 100–150 పదాల పేరా ఒకటి. వందకి ఐదు తప్పుల లోపుంటే సరిపోతుంది. పది దాటితే తేలికైనది తీసుకోండి. మొదట మీరు, తర్వాత ఇద్దరూ కలిసి, ఆపై తనొక్కడే రెండుసార్లు. ఎక్కడైనా ఆగితే ఐదు సెకన్లు ఓపిక పట్టండి. ఇంట్లో అందరూ ఆ పదం వెంటనే అందించేస్తారు, దాంతో విరిచి చూసే ప్రయత్నమే మానేస్తాడు. తనే దిద్దుకున్నది తప్పుకింద లెక్కపెట్టొద్దు. పట్టిన టైము తనే రాసుకోవాలి; వేగం కోసం గడగడా అప్పజెప్పేయకుండా చివర్లో అర్థం మీద ఒక ప్రశ్న వేయండి. మొత్తం 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ‘వెరీ గుడ్’ అనేకన్నా ‘ఆ పదం దగ్గర ఊహించకుండా విరిచావు’ అనండి, ఏం చేస్తే వచ్చిందో తెలుస్తుంది.

తేలిక పుస్తకాలిస్తే చిన్నపిల్లలవని విసిరేస్తాడు. అందుకే అపార్ట్‌మెంట్లోని ఆరేళ్ల పిల్లలకి కథ చదివి వినిపించే పని అప్పగించండి. పరువు కోసమైనా ముందురోజు నాలుగుసార్లు చదువుకుంటాడు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్లో ఇంగ్లీషు, తెలుగు, కన్నడ కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి.

స్కూల్లో టీచరుని కలిసి, హఠాత్తుగా లేపి చదివించొద్దని, ఏ పేరా చదవాలో ముందురోజే చెప్పమని అడగండి. మొదట్లో నాలుగు వాక్యాలు చాలు. ఒప్పుకోకపోతే ఇదే విషయం ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసివ్వండి.