తక్కువ కొటేషన్‌కే ఆర్డర్ ఎందుకు వెళ్తోంది?

ప్రశ్న: మా కంపెనీకి పర్యావరణ విధానం ఉంది, పర్యావరణ నిర్వహణ పద్ధతికి ఇచ్చే ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్ కూడా ఉంది. తీరా యంత్రం కొనేటప్పుడు మాత్రం ఎప్పుడూ తక్కువ కొటేషన్‌దే గెలుపు. విధానాన్ని ఇంకాస్త గట్టిగా రాయాలా?

జవాబు: విధానం జోలికి వెళ్లకండి. మార్చాల్సింది పెట్టుబడి మంజూరు కోసం పైకి వెళ్లే నోట్‌ని. ఇంత కరెంటు మించకూడదని ఐఎస్ఓ 14001 ఎక్కడా చెప్పదు, పద్ధతి ఉందా లేదా అనేదే చూస్తుంది. పర్యావరణ అంశాలు వ్యాపార ప్రక్రియల్లో కలిసేలా చూసే బాధ్యతను 2015 సవరణ పై యాజమాన్యం మీదే పెట్టింది. చాలాచోట్ల అది మాన్యువల్ దాటి రాదు.

నోట్‌లో కొనుగోలు ధర పక్కనే జీవితకాల ఖర్చు, అంటే కొన్న ధరతో పాటు యంత్రం నడిచినన్నాళ్లూ అయ్యే ఖర్చు, కనబడాలి. 15 కిలోవాట్ల మోటారు ఏడాదికి 6,000 గంటలు పూర్తి లోడ్ మీద తిరుగుతుందనుకుందాం. 90 శాతం సామర్థ్యమున్నది లక్ష యూనిట్లు తాగుతుంది, 93 శాతానిది సుమారు 96,800. ఏటా 3,200 యూనిట్ల తేడా, పదిహేనేళ్లకు 48,000. దాన్ని మీ టారిఫ్‌తో గుణించి, రెండు కొటేషన్ల తేడా పక్కన రాయండి. 'రెండేళ్లలో డబ్బు తిరిగి రావాలి' అనే నిబంధన ఉంటే ముందు దాన్ని సడలించండి, లేదంటే ఈ లెక్క చదివేవాళ్లే ఉండరు.

ఇంకో చిక్కుంది. కొనుగోలు అధికారికి మెప్పు ధర తగ్గించినందుకు, కరెంటు బిల్లు పడేది ఉత్పత్తి విభాగం ఖాతాలో. ఆయన పనితీరును జీవితకాల ఖర్చుతో కొలిస్తే తప్ప ఏ ఫారమూ పనిచేయదు.

కార్బన్ ధర, అంటే వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు మీరే లెక్కలో వేసుకునే ఖర్చు, ఆ తర్వాత. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే ఏటా 10,000 లీటర్లు తాగే జనరేటర్ నుంచి 26.8 టన్నులు. టన్నుకు ఒక ధర అనుకుని, జీవితకాల ఖర్చుకు మొదట కాగితం మీదే కలపండి. పాత మంజూరుల్లో ఓ పదింటిని ఆ ధరతో మళ్లీ లెక్కించండి. ఒక్క నిర్ణయమూ మారకపోతే ఆ ధర అలంకారమే.

అన్నిటికన్నా ముందు, అసలు కొనాలా అని అడగండి. 'గాలి చాలడం లేదు, ఇంకో కంప్రెసర్ కావాలి' అన్న నోట్ వస్తే, ఉత్పత్తి ఆగి ఉన్న సమయంలో పాతదాన్ని నడిపి చూడండి. గాలి వాడేవాళ్లే లేకపోయినా పది నిమిషాల్లో రెండున్నర నిమిషాలు లోడ్‌లో ఉంటోందంటే, అంటే గాలిని నొక్కి పంపుతోందంటే, దాని సామర్థ్యంలో పావు వంతు లీకుల పాలే. అప్పుడు మంజూరు చేయాల్సింది సీళ్లకూ కప్లింగులకూ.